పేగు జబ్బు మీద ఎన్ని నిందలో



ఈసారి మన పత్రికకి కడుపు సంగతి రాస్తున్నాను. మోకాళ్ళ నొప్పుల గురించి గ్రూపులో గంటలు గంటలు మాట్లాడుకుంటాం. షుగరు ఎంతుందో పేరంటంలో కూడా చెప్పేస్తాం. విరేచనాల మాట మాత్రం నోట రాదు. వారాల తరబడి రోజుకి అయిదారుసార్లు వెళ్ళాల్సి వస్తున్నా, అందులో నెత్తురు పడుతున్నా, "వేడి చేసిందిలే", "బయటి తిండి పడలేదు", "మొలలేమో" అని ఏదో ఒక కారణం చెప్పుకుని ఊరుకుంటాం. నాలుగు మెంతిగింజలు మజ్జిగలో వేసుకుని తాగి, ఇంకో నెల గడిపేస్తాం.

ఇలా చేతికందిన కారణం చెప్పుకోవడం మనతో మొదలైంది కాదు. చదువుకున్న డాక్టర్లూ, కోర్టులూ కూడా అదే పని చేశారు. ఒక కాలంలో విషం పెట్టారన్నారు, ఒక కాలంలో క్షయ అన్నారు, మరో కాలంలో ఆ మనిషి మనసే బాగోలేదన్నారు. ఆ మాటల దగ్గర ఆగకుండా పేగు లోపల ఏముందో చూసినవాళ్ళ వల్లే మందులొచ్చాయి. ఆ కథలు వరుసగా చెప్తాను. చివర్లో మనకి పనికొచ్చే మాటలు కొన్ని రాస్తాను.

ముందు రెండు పేర్లు తెలుసుకుందాం. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, నెత్తురు కారే జబ్బు అల్సరేటివ్ కొలైటిస్. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రాగలిగేది, ఎక్కువగా చిన్నపేగు చివర వచ్చేది క్రోన్స్ జబ్బు. ఈ రెండిటినీ కలిపి ఐబీడీ అంటారు. మనం తరచుగా వినే ఐబీఎస్ వేరు. అందులో నొప్పి, ఉబ్బరం, విరేచనాలు నిజంగానే ఉంటాయి కానీ పేగులో పుండ్లూ వాపూ ఉండవు. పేర్లు దగ్గరగా ఉన్నా రెండింటి వైద్యం వేరు.

విషం అన్న రోజులు

1859. లండన్ పక్కన రిచ్‌మండ్‌లో ఇసబెల్లా బ్యాంక్స్ అనే ఆవిడ ఉండేది. నలభై దాటిన మనిషి, కాస్త ఆస్తి ఉన్న మనిషి. థామస్ స్మెథర్స్ట్ అనే డాక్టరు, ఇంట్లో భార్య ఉండగానే ఆవిడని పెళ్ళాడాడు. కొద్ది నెలలకే ఇసబెల్లాకి వాంతులు, రక్త విరేచనాలు పట్టుకున్నాయి. ఎంతకీ తగ్గలేదు. మే నెల మొదట్లో చనిపోయింది. చనిపోయే ముందు ఆస్తి అతని పేర వీలునామా రాసింది. ఇంకేముంది, విషం పెట్టాడన్నారు. అరెస్టు చేశారు. ఆ రోజుల్లో విషాల మీద పెద్ద పేరున్న ప్రొఫెసర్ ఆల్ఫ్రెడ్ టేలర్ ఆర్సెనిక్ దొరికిందని చెప్పాడు. తీరా చూస్తే, ఆర్సెనిక్ ఆయన పరీక్షకి వాడిన రాగిలోనే ఉందని తేలింది. అయినా జ్యూరీ నేరం రుజువైందంది, జడ్జి ఉరిశిక్ష వేశాడు.

డాక్టర్లలో గొడవ మొదలైంది. గైస్ ఆసుపత్రి డాక్టరు శామ్యూల్ విల్క్స్ ఆవిడ పేగులను పరీక్షించి, పెద్దపేగు నిండా పుండ్లున్నాయనీ, చిన్నపేగు చివర వాచి ఉందనీ రాశాడు. అల్సరేటివ్ కొలైటిస్ అనే పేరు మొదట కనిపించేది ఆయన రాతలోనే. ఆయన రాసింది ఇప్పుడు చదివిన డాక్టర్లు కొందరు అది క్రోన్స్ జబ్బు అయ్యుండొచ్చని కూడా అంటారు. చివరికి ప్రభుత్వం స్మెథర్స్ట్‌ని ఉరి నుంచి తప్పించింది. ఇద్దరు భార్యలున్నందుకు ఏడాది జైలు మాత్రం పడింది. అతను మంచివాడని నేను చెప్పట్లేదు. కానీ ఇసబెల్లా బతికున్నన్నాళ్ళూ ఆవిడకున్న జబ్బేమిటో ఎవరికీ తెలియలేదు.

ఇది పాతకాలపు ఇంగ్లండు కథ అనుకోకండి. మన ఊళ్ళలో తగ్గని కడుపునొప్పికి, చిక్కిపోతున్న మనిషికి "ఎవరో మందు పెట్టారు" అనే మాట నేటికీ ఉంది. ఆ మందు కక్కిస్తామని చెప్పి డబ్బు తీసుకునేవాళ్ళూ ఉన్నారు. పాపం, నింద ఎక్కువసార్లు కోడలి మీదో, తోడికోడలి మీదో పడుతుంది. జబ్బు మనిషి ఒంట్లో జబ్బు అలాగే ఉంటుంది.

క్షయ అన్న రోజులు

తర్వాత కాలంలో, చిన్నపేగు చివర వాచి బిగుసుకుపోయి కనిపిస్తే అది పేగు క్షయ అనేవాళ్ళు. అప్పట్లో క్షయ ఎక్కువ కాబట్టి ఆ అనుమానంలో తప్పు లేదు. కానీ 1913లో గ్లాస్గో సర్జన్ కెన్నెడీ డాల్జియెల్, చూడ్డానికి క్షయలా ఉన్నా క్షయ క్రిములు కనిపించని రోగుల గురించి రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి డాక్టర్లు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ 14 మంది రోగుల వివరాలతో వ్యాసం రాసి, ఇది క్షయ కాదు, వేరే జబ్బు అని స్థిరంగా చెప్పారు. అక్షరక్రమంలో క్రోన్ పేరు ముందుండడంతో జబ్బుకి ఆయన పేరే నిలిచిపోయింది. 1956లో అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్‌కి ఇదే జబ్బుకి ఆపరేషన్ జరిగాక, పేపర్లు చదివే మామూలు జనానికీ దీని పేరు తెలిసింది.

మన దేశంలో ఈ చిక్కు ఇంకా తీరలేదు. ఇండియాలో పేగు క్షయ నిజంగానే ఉంది. కెమెరా గొట్టం వేసి చూసినా, ముక్క తీసి పరీక్షించినా రెండూ ఒక్కలాగే కనిపించే సందర్భాలున్నాయి. అందుకని అక్కడి డాక్టర్లు చాలాసార్లు ముందు క్షయ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలల్లో పేగు మానుతోందా లేదా అని మళ్ళీ చూస్తారు. ఆ మళ్ళీ చూడ్డమే ముఖ్యం. అక్కడున్న మన అమ్మలు, వదినలు ఎవరైనా క్షయ కోర్సు పూర్తి చేసినా విరేచనాలు, నొప్పి తగ్గకపోతే, "ఇది క్షయేనా, క్రోన్సా?" అని అడగమని చెప్పండి.

ఇక్కడ మనకీ ఆ సంబంధం ఉంది. 1998లో అమెరికాలో క్రోన్స్‌కి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజెక్షన్‌కి అనుమతి వచ్చింది. ఎంతోమందిని ఆపరేషన్ నుంచి తప్పించిన మందు. అయితే ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిమిని లేపగలదు. అందుకే మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయకి రక్తపరీక్ష చేస్తారు. "మీరెక్కడ పుట్టారు? ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా?" అని అడిగితే చిన్నబుచ్చుకోకండి, దాచకండి. తాతగారికి ఉండేదన్నా చెప్పండి.

మనసు అన్న రోజులు

నాకు ఎక్కువ కష్టం కలిగించేది ఈ భాగం. 1930ల నుంచి ఓ పాతికేళ్ళు, అల్సరేటివ్ కొలైటిస్ మనసు నుంచి పుట్టే జబ్బు అని చాలామంది పెద్ద డాక్టర్లు నమ్మారు. షికాగోలో ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మానసిక వైద్యుడు ఇలాంటి జబ్బులు ఏడు లెక్కపెట్టాడు. అందులో ఉబ్బసం, బీపీతో పాటు అల్సరేటివ్ కొలైటిస్ కూడా ఉంది. రోగులు పిరికివాళ్ళనీ, ఇంకొకరి మీద ఆధారపడేవాళ్ళనీ రాశారు. వాళ్ళ తల్లులు పెత్తనం చేసేవాళ్ళనీ రాశారు. నెత్తురు పోయి పాలిపోయిన పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్న తల్లికి, "నీ పెంపకం వల్లే" అని వినబడితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అదే కాలంలో స్వీడన్‌లో ఒకావిడ మరో దారిన వెళ్తోంది. పేరు నానా స్వార్ట్స్. 1937లో స్టాక్‌హోమ్ కరోలిన్‌స్కా సంస్థలో వైద్యశాస్త్ర ప్రొఫెసర్ అయింది. స్వీడన్ ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఆ పదవికొచ్చిన మొదటి స్త్రీ ఆవిడే. కీళ్ళవాతానికని, సల్ఫా మందునీ ఆస్పిరిన్ జాతి మందునీ కలిపి సల్ఫాసలజీన్ తయారు చేయించింది. కీళ్ళకోసం ఇచ్చిన ఆ మందు పెద్దపేగు పుండ్లున్నవాళ్ళకీ బాగా పనిచేస్తోందని గమనించి 1942లో ప్రకటించింది. అది ఇప్పటికీ వాడుకలో ఉంది.

1955లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన ట్రూలవ్, విట్స్ అనే డాక్టర్లు 210 మంది రోగులతో ఒక పరీక్ష జరిపారు. కొందరికి కార్టిసోన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర. ఏది ఎవరికో చూసేవాళ్ళకి తెలియకుండా లెక్కగట్టారు. కార్టిసోన్ తీసుకున్నవాళ్ళు స్పష్టంగా ఎక్కువమంది కోలుకున్నారు. స్టెరాయిడ్ అంటే మనకి భయం. ఎక్కువకాలం వాడితే భయపడాల్సిందే. కానీ అది రాకముందు ఈ జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరినవాళ్ళలో చాలామంది ప్రాణాలతో ఇంటికి వచ్చేవాళ్ళు కాదు.

ఆ ట్రూలవ్ దగ్గరే ఇరవై ఏళ్ళ తర్వాత ఒక బంగ్లాదేశ్ డాక్టరు పనిచేశాడు. పేరు ఆజాద్ ఖాన్. సల్ఫాసలజీన్‌లో రెండు భాగాలున్నాయి కదా, పేగుకి మేలు చేస్తున్నది ఏది అన్నది ఆయన ప్రశ్న. రెండు భాగాలనీ విడదీసి, ఎనిమాగా వేరువేరు రోగులకిచ్చి చూశారు. పనిచేసేది సల్ఫా భాగం కాదని 1977లో తేలింది. తలనొప్పి, వికారం లాంటి ఇబ్బందులు ఎక్కువగా ఆ సల్ఫా వల్లే వచ్చేవి. దాన్ని తీసేసి మెసలజీన్ మాత్రలు చేశారు. ఇవాళ అల్సరేటివ్ కొలైటిస్ అని తేలగానే మామూలుగా ముందు రాసేది అదే.

బెంగ, ఒత్తిడి ఉంటే బాధ ఎక్కువవుతుంది, అది నిజమే. అంతమాత్రాన "నువ్వు ఎక్కువ ఆలోచిస్తావు, అందుకే" అని మనిషిని ఇంటికి పంపేస్తే వైద్యం అయిపోయినట్టు కాదు.

మన భీమవరం అబ్బాయి

ఈ చరిత్రలో మన తెలుగువాడొకడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టాడు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో కొద్ది రోజుల తేడాతో పోయారు. స్ప్రూ అంటే మనవాళ్ళు సంగ్రహణి అనే తీరు జబ్బు. నెలల తరబడి విరేచనాలు, నాలుక పూత, తిన్నది ఒంటపట్టక మనిషి ఎముకల గూడైపోవడం. తర్వాత సుబ్బారావుకీ అదే జబ్బు వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు. తర్వాత ఓడెక్కి బోస్టన్ చేరాడు.

ఇక్కడ ఇంకో ఆవిడ పేరు కలపాలి. లూసీ విల్స్, ఇంగ్లండు డాక్టరు. 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకి ఎందుకంత రక్తం తగ్గుతోందో వెతికింది. వాళ్ళ ఇళ్ళలో ఏం వండుకుంటారో చూసింది. చివరికి ఈస్ట్‌తో చేసిన మార్మైట్ ఇస్తే రక్తం పడుతోందని కనిపెట్టి, 1931లో ప్రచురించింది. ఈ దేశంలో మన పిల్లలు బ్రెడ్డుకి రాసుకుంటే మనం ముక్కు మూసుకునే ఆ నల్లటి ముద్దే! అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుంచి అలాంటి పదార్థం తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

సుబ్బారావు అప్పటికి న్యూయార్క్ దగ్గర లెడర్లీ కంపెనీ పరిశోధనల్లో ఉన్నాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారు చేసింది. క్యూబా, ప్యూర్టో రికోల్లో స్ప్రూ రోగులకి ఇచ్చి చూస్తే నాలుక పూత తగ్గింది, రక్తం పెరిగింది, ఆకలి వేసింది. 1948లో అదే లెడర్లీ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది. నేటికీ స్ప్రూకి ఇచ్చే వైద్యం ఈ రెండే: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ జాతి మందు. అన్నదమ్ములని తీసుకుపోయిన జబ్బుకి కావలసిన రెండు మందులూ ఆయన నడిపిన ప్రయోగశాలల నుంచే వచ్చాయి.

ఫోలిక్ యాసిడ్‌కి ఎదురు పనిచేసే మందులు కూడా అక్కడే తయారయ్యాయి. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. కేన్సర్‌కని మొదలై, 1995లో క్రోన్స్ జబ్బుకీ పనిచేస్తుందని తేలింది.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళకి, సుబ్బారావు న్యూయార్క్‌లో పోయాడు. అమెరికా వెళ్ళాక ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆవిడని కూడా తలుచుకోవాలని నాకనిపిస్తుంది. గర్భం నిలవక ముందు నుంచీ మనం మింగిన ఆ చిన్న ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనక బొంబాయి మిల్లు ఆడవాళ్ళు, లూసీ విల్స్, సుబ్బారావు, దూరాన ఉండిపోయిన ఆవిడ, అందరూ ఉన్నారు.

ఇప్పుడు మనం

"ఐబీడీ తెల్లవాళ్ళ జబ్బు" అని చాలాకాలం అనుకున్నారు. 1990ల మొదట్లో ఇంగ్లండులోని లెస్టర్‌లో లెక్కలు తీస్తే, ఇండియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళలో అల్సరేటివ్ కొలైటిస్ స్థానికులకంటే ఎక్కువగా కనిపించింది. పంజాబ్‌లో ఇంటింటికీ తిరిగి చూసిన డాక్టర్లు 2003లో ప్రచురించిన లెక్కల్లో లక్షమందిలో 44 మందికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. అంటే ఇది మన జబ్బు కూడా. "ఈ దేశం నీళ్ళు పడలేదు" అనే మాట మన తరం చెప్పుకునే నింద.

కాబట్టి ఈ మాటలు గుర్తుంచుకోండి.

నెత్తురు పడినా, నాలుగు వారాలు దాటి విరేచనాలున్నా, రాత్రి నిద్రలోంచి లేచి పరిగెత్తాల్సి వచ్చినా, బరువు తగ్గుతున్నా, రక్తం తక్కువుందన్నా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వీటితో పాటు కీళ్ళ నొప్పులు, నోటిపూత, కళ్ళు ఎర్రబడడం ఉంటే అవి కూడా చెప్పండి. నెత్తురుని చూడకుండానే మొలలు అనుకోవద్దు. పెద్దపేగు కేన్సర్ కూడా అలాగే మొదలవ్వచ్చు.

మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష ఉంది. పేగులో వాపు ఉంటే పెరుగుతుంది, ఐబీఎస్‌లో మామూలుగా పెరగదు. ఇంగ్లండులో 2013 నుంచి, కేన్సర్ అనుమానం లేనప్పుడు, ఐబీఎస్సా ఐబీడీనా తేల్చుకోవడానికి దీన్ని సిఫారసు చేస్తున్నారు. "ఐబీఎస్ అనుకుంటున్నాం" అన్నప్పుడు, ఆ పరీక్ష చేశారా అని అడగండి. అడగడం అమర్యాద కాదు.

రోజుకి ఆరుసార్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ రక్త విరేచనాలు, దానికి తోడు జ్వరమో, కూర్చున్నప్పుడు కూడా నాడి నిమిషానికి 90 దాటడమో ఉంటే రేపటిదాకా ఆగకండి. ట్రూలవ్, విట్స్ 1955లో పెట్టిన గుర్తులే ఇవి. ఇవాళ్టికీ ఆసుపత్రిలో వీటినే చూస్తాం.

నొప్పికి ఇబుప్రోఫెన్ వేసుకోకండి, ఈ జబ్బులో పుండ్లు ఎక్కువ చేయొచ్చు. గర్భం వస్తే భయపడి మీకు మీరే మందులు ఆపకండి. చాలా మందులు కొనసాగించవచ్చు, జబ్బు తిరగబెట్టడమే బిడ్డకి ఎక్కువ ప్రమాదం. మెథోట్రెక్సేట్ మాత్రం గర్భంతో పనికిరాదు, పిల్లల్ని అనుకునే ముందే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. మజ్జిగ, మెత్తటి అన్నం హాయినిస్తే తినండి, కానీ వాటికోసం మందు మానకండి. ఫలానా కషాయంతో పూర్తిగా పోయిందని ఫార్వర్డ్ వస్తే, నాకు పంపండి, చదివి చెప్తాను.

ఇంకొక్కటి. మాట్లాడ్డానికి ఇంగ్లీషు రాదని భర్తనో, మామగారినో, పదేళ్ళ కొడుకునో వెంట తీసుకెళ్ళే అమ్మలున్నారు. వాళ్ళ ముందు మలం సంగతి చెప్పలేక "కొంచెం కడుపునొప్పి" అని వచ్చేస్తారు. ఇంగ్లండులో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని అడిగితే ఉచితంగా ఏర్పాటు చేస్తారు, ఫోన్లో అయినా సరే. మిగతా దేశాల్లో ఉన్నవాళ్ళు మీ ఆసుపత్రిలో కనుక్కోండి. వెళ్ళే ముందు వారం రోజులు ఒక కాగితం మీద రాసుకోండి: రోజుకి ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు, నెత్తురుందా లేదా, బరువెంత. ఆ కాగితం డాక్టరు చేతికిచ్చినా చాలు. నోటితో చెప్పక్కర్లేదు.

ఇది చదివి "నాకూ ఇలాగే ఉంది" అనిపిస్తే గ్రూపులో రాయక్కర్లేదు, విడిగా నాకు మెసేజ్ పెట్టండి. నైట్ డ్యూటీలో ఉంటే పొద్దున చూస్తాను.

మీ
నర్సు చెల్లెలు, ఇంగ్లండు నుంచి